వాయించేవాళ్ళు అడిగి రాయించుకున్న సంగీతం

స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. నాలుగూ ఒక తల్లి పిల్లలు. ఒకదాని గొంతు ఎక్కడ ఆగిందో, ఇంకోదాని గొంతు ఎక్కడ అందుకుందో కళ్ళు మూసుకుని వింటే చాలాసార్లు తెలీదు. ఉడ్‌విండ్ క్వింటెట్ సంగతి అలా కాదు. ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్, ఫ్రెంచ్ హార్న్ అనే ఈ ఐదింటికీ ఊదితే పలుకుతాయన్న ఒక్క పోలిక తప్ప ఇంకేదీ కలవదు. పేరులో ఉడ్ ఉన్నా హార్న్ ఇత్తడిది, ఇవాళ్టి ఫ్లూట్ ఎక్కువగా వెండిది. ఒక ఇంటి పిల్లలు కాదు వీళ్ళు, స్లీపర్ కోచ్‌లో ఎదురెదురు బెర్తుల్లో పడ్డ ఐదుగురు ప్రయాణికులు.

ఇలాంటి గుంపుకి సంగీతం రాద్దామని పెద్ద పెద్ద కంపోజర్లకి తమంతట తాముగా బుద్ధి పుట్టడం చాలా అరుదు. హైడ్న్ 68 స్ట్రింగ్ క్వార్టెట్లు రాశాడు, బీథోవెన్ 16 రాశాడు. ఈ ఐదు వాద్యాలకీ కలిపి హైడ్న్ గానీ, మొజార్ట్ గానీ, బీథోవెన్ గానీ, ఆ తర్వాత బ్రామ్స్ గానీ ఒక్క క్వింటెట్ కూడా రాయలేదు. మరి ఇవాళ మంచి క్వింటెట్లు ఇన్ని ఎలా ఉన్నాయి అంటే, వాయించేవాళ్ళు వెళ్ళి తలుపు తట్టారు కాబట్టి. ఈ సంగీతం చరిత్ర మొత్తం దాదాపు ఇంతే: వాయించడానికి ఏమీ లేక వాద్యకారులు పోయి రాయించుకోవడం, లేదా విసుగొచ్చి వాళ్ళే కలం పట్టుకోవడం. ఇప్పుడు జరుగుతున్నది కూడా అదే, కాకపోతే మరింత గట్టిగా జరుగుతోంది.

ముందే ఒక మాట. అమెరికాలో విండ్ ఎన్సెంబుల్ అంటే నలభై, యాభై మంది కూర్చుని ఒక కండక్టర్ చేతి కింద వాయించే పెద్ద బృందం. 1952లో ఫ్రెడరిక్ ఫెన్నెల్ ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయంలో మొదలుపెట్టిన తరహా అది. ఇక్కడ మాట్లాడుకుంటున్నది అది కాదు. ఛాంబర్ మ్యూజిక్, అంటే కండక్టర్ లేకుండా, ఒక్కో భాగానికి ఒక్కరే ఉండి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించేది. ఇక్కడ ఒకడు తప్పు చేస్తే దాక్కోవడానికి పక్కన ఇంకోడు ఉండడు.

అసలు చిక్కు ఎక్కడుందో కొంచెం దగ్గరికెళ్ళి చూడాలి. ఓబో వాయించే మనిషి నోట్లో పెట్టుకునే రీడ్ రెండు పల్చటి రెల్లు చీలికలు కలిపి కట్టింది, మధ్యలో సందు గడ్డిపరక దూరేంత. మన సన్నాయి, నాదస్వరం పీకకి దూరపు చుట్టం. ఆ సందులోంచి గాలి చాలా కొద్దిగా, చాలా ఒత్తిడితో వెళ్తుంది. దాంతో ఓబో మనిషికి ఊపిరి చాలకపోవడం కాదు, ఎక్కువైపోవడం సమస్య. పాత గాలి లోపలే ఉండిపోతుంది, దాన్ని బయటికి వదిలేసి అప్పుడు కొత్తది పీల్చుకోవాలి, అంటే ఒక్క విరామంలో రెండు పనులు. పక్కనే ఫ్లూట్ మనిషిది పూర్తిగా ఎదురు బాధ. రీడ్ లేదు, అడ్డు లేదు, ఊదిన గాలిలో చాలా భాగం రంధ్రం అంచు మీంచి బయటికే పోతుంది, రెండు లైన్లు వాయించేసరికి ఊపిరితిత్తులు ఖాళీ. ఇద్దరికీ కలిపి ఒకే పొడవు వాక్యం రాసిచ్చి, ఇద్దరూ ఒకేచోట ఊపిరి తీసుకుంటారులే అనుకున్న కంపోజర్ మొదటి రిహార్సల్‌లోనే దొరికిపోతాడు.

గొంతు పెద్దది చిన్నది చెయ్యడంలోనూ ఇదే గోల. కింది స్థాయికి వెళ్ళేకొద్దీ ఫ్లూట్ గొంతు సన్నబడి వినిపించకుండా పోతుంది, ఓబో మాత్రం సరిగ్గా అక్కడే బాతులా అరుస్తుంది, మెల్లగా పలకమంటే పలకదు. బసూన్‌కీ అట్టడుగు స్వరాలు మెల్లగా తియ్యడం గండమే. క్లారినెట్ ఒక్కటే అదృష్టవంతురాలు, ఉన్నదో లేదో తెలియనంత మెల్లగా మొదలై మళ్ళీ అలాగే మాయమైపోగలదు. హార్న్ గట్టిగా ఊదిందంటే మిగతా నలుగురూ కనపడరు, పైగా దాని నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, వెనకున్న గోడ ఎలాంటిదో దాన్ని బట్టి శబ్దం మారుతుంది. అందుకే స్ట్రింగ్ క్వార్టెట్‌కి రాసినట్టు స్కోర్‌లో నాలుగు గీతలకీ ఒకే గుర్తు పెట్టి ‘మెల్లగా’ అంటే సరిపోదు. ఐదుగురికీ మెల్లగా అన్న మాటకి ఐదు అర్థాలు.

ఈ సంగతి మొదట సీరియస్‌గా పట్టించుకున్నవాడు ఆంటోన్ రైఖా. ప్రాగ్‌లో 1770లో పుట్టాడు, బీథోవెన్ ఈడువాడు, కుర్రతనంలో ఇద్దరూ బాన్‌లో ఒకే ఆర్కెస్ట్రాలో పనిచేశారు, రైఖా ఫ్లూట్ వాయించేవాడు. ఆ చివరి ముక్కే ముఖ్యం. తర్వాత పారిస్ చేరి అక్కడి వాద్యకారుల కోసం 1810 తర్వాతి పదేళ్ళలో 24 క్వింటెట్లు రాశాడు. ఊదే వాద్యాలకి మంచి సంగీతం లేకపోవడానికి కారణం కంపోజర్లకి వాటి పని తెలియకపోవడమేనని ఆయన అభిప్రాయం. ఆ 24లో నిజంగా ఎన్ని ఇవాళ కూర్చుని వినదగ్గవి అంటే, మొహమాటం లేకుండా చెప్పాలంటే, కొన్నే. కానీ దారి వేసినవాడు ఆయనే. ఆ తర్వాత చాలాకాలం ఆ దారిలో గడ్డి మొలిచింది. 1879లో పాల్ తఫానెల్ అనే ఫ్లూట్ విద్వాంసుడు పారిస్‌లో ఊదే వాద్యాల ఛాంబర్ సంగీతం కోసమే ఒక సంస్థ పెట్టి, పాతవి వెతికి తీసి, కొత్తవి అడిగి రాయించి మళ్ళీ ఊపిరి పోశాడు. ఫ్రెంచ్ కంపోజర్ గూనో 1885లో తొమ్మిది వాద్యాలకి రాసిన చిన్న సింఫనీ ఆ అడగడం వల్ల పుట్టిందే.

ఇక ఇరవయ్యో శతాబ్దం. 1921లో డెన్మార్క్ కంపోజర్ కార్ల్ నీల్సన్ ఏదో పని మీద ఒక పియానిస్టు స్నేహితుడికి ఫోన్ చేశాడు. అవతల ఆ స్నేహితుడింట్లో కోపెన్‌హాగెన్ విండ్ క్వింటెట్ ఐదుగురిలో నలుగురు మొజార్ట్ సంగీతం సాధన చేస్తున్నారు, ఆ శబ్దం ఫోన్లోంచి వినబడింది. నీల్సన్ ఆగలేకపోయాడు. తర్వాతి ఏడాది, 1922లో, ఆ ఐదుగురి కోసమే క్వింటెట్ రాశాడు. వాద్యాల కోసం కాదు, గమనించండి, ఆ మనుషుల కోసం. ఎవడిది ఎలాంటి స్వభావమో చూసి ఆ స్వభావానికి తగ్గట్టు మాటలు ఇచ్చాడు. ఒకసారి అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఇంకోసారి ఒక్కడే ఉంటాడు అని ఆ రచన గురించి ఆయనే రాసుకున్నాడు. చివరి భాగంలో ఒక భక్తిగీతం బాణీ తీసుకుని దాన్ని రకరకాలుగా మార్చి మార్చి వాయిస్తారు, అందులో ఒక చోట బసూన్ ఒంటరిగా, ఒక చోట హార్న్ ఒంటరిగా మిగిలిపోతాయి. ఐదుగురికీ ఒక్కొక్క కన్సర్టో, అంటే ఆర్కెస్ట్రా ముందు ఒకే వాద్యం నిలబడి వాయించే రచన, కూడా రాస్తానని అనుకున్నాడు, ఫ్లూట్‌కి 1926లో, క్లారినెట్‌కి 1928లో రాశాడు, 1931లో పోయాడు. మిగిలిన ముగ్గురికీ అది ఎప్పటికీ బాకీయే.

ఇవాళ్టికీ విద్యార్థి క్వింటెట్లు మొదట పట్టుకునే పెద్ద రచనల్లో నీల్సన్‌ది ఒకటి. కారణం పైన చెప్పినదే. ఐదు గొంతుల్ని ఒకటిగా కలపాలని ఆయన ఆరాటపడలేదు. తేడాల్ని తేడాలుగానే వదిలేసి, వాటి మధ్య మాటామాటా నడిపించాడు.

దాదాపు అదే రోజుల్లో వియన్నాలో ఆర్నాల్డ్ షేన్‌బర్గ్ కూడా ఒక క్వింటెట్ రాశాడు, 1924లో తన యాభయ్యో పుట్టినరోజున వాయించారు. సుమారు నలభై నిమిషాలు. పన్నెండు స్వరాల పద్ధతిని, అంటే పన్నెండు స్వరాలనీ ఒక వరసలో పేర్చి ఆ వరస మీదే రచన కట్టడాన్ని, నాలుగు భాగాల పెద్ద రచనకి పట్టించిన తొలి ప్రయత్నాల్లో ఒకటిగా చరిత్రలో దానికి చోటుంది, సందేహం లేదు. కానీ దాన్ని వాయించడం గురించి ఊదేవాళ్ళని అడిగి చూస్తే మొహాలు మారతాయి. ఊపిరికి చోటు లేదు, పెదాలకి విశ్రాంతి లేదు, వాక్యాలన్నీ కమాను పట్టుకున్న చేతికి రాసినట్టు పొడుగ్గా పోతూనే ఉంటాయి. బుద్ధితో చూస్తే గొప్పది, ఒంటితో చూస్తే శిక్ష. దాన్ని అప్పటికి పసివాడైన తన మనవడికి అంకితం ఇచ్చాడాయన. ఆ పిల్లాడికి వాయించే బాధ లేదు కాబట్టి సరిపోయింది.

ఈ రెండు రచనల మధ్య తేడాలోనే విషయం మొత్తం ఉంది. ఒకడు వాయించే మనుషుల వైపు నుంచి మొదలుపెట్టాడు, ఇంకొకడు కాగితం వైపు నుంచి. తర్వాత వచ్చిన మంచి రచనల్లో చాలా వాటి వెనక మొదటి పద్ధతే కనిపిస్తుంది. అమెరికన్ కంపోజర్ శామ్యూల్ బార్బర్ రాసిన ‘సమ్మర్ మ్యూజిక్’ చూడండి. డెట్రాయిట్ ఛాంబర్ మ్యూజిక్ సొసైటీ అడిగింది, డబ్బు శ్రోతల దగ్గర చిన్న చిన్న చందాలుగా పోగుచేసింది, గుడి కట్టడానికి వసూలు చేసినట్టు. బార్బర్ మాత్రం రాస్తున్నన్నాళ్ళూ న్యూయార్క్ ఉడ్‌విండ్ క్వింటెట్ రిహార్సళ్ళకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ క్వింటెట్‌లో హార్న్ వాయించే జాన్ బారోస్ ఒక పని చేసి పెట్టుకున్నాడు: ఐదు వాద్యాలకీ శ్రుతి కలవడం ఎక్కడెక్కడ కష్టమో ఆ స్వరాల కలయికలన్నీ అభ్యాసానికి రాసిపెట్టాడు. అంటే జబ్బుల చిట్టా. బార్బర్ ఆ చిట్టా చూసి ముచ్చటపడి, అందులో నేర్చుకున్నది రచనలోకి తెచ్చాడు. 1956 మార్చిలో డెట్రాయిట్‌లో తొలి కచేరీ జరిగింది. సుమారు పన్నెండు నిమిషాలే, కానీ మధ్యాహ్నం ఎండలో ఒళ్ళు విరుచుకున్నట్టుండే ఆ మొదటి నిమిషం ఈ ఐదు వాద్యాలతో తప్ప ఇంక దేనితోనూ రాదు.

వాద్యాల తేడాని ఇంతకంటే పచ్చిగా చూపించిన రచన ఇంకొకటుంది, అమెరికన్ కంపోజర్ ఎలియట్ కార్టర్ 1950 ప్రాంతంలో నాలుగు వాద్యాలకి, అంటే హార్న్ లేకుండా, రాసిన ఎనిమిది ఎట్యూడ్‌లు (అభ్యాసం కోసం రాసే చిన్న రచనలు), ఒక ఫాంటసీ. కొలంబియా యూనివర్సిటీలో పాఠం చెబుతూ, ఈ వాద్యాలతో ఏమేం చెయ్యొచ్చో పిల్లలకి చూపించడానికి బోర్డు మీద రాసినవాటి నుంచి పుట్టింది. అందులో మూడో ఎట్యూడ్ మొత్తం ఒకే ఒక డి మేజర్ కార్డ్, అంటే కలిసి పలికే ఒకే స్వరాల గుంపు. స్వరాలు మారవు. ఎవరు ఎప్పుడు చడీచప్పుడు లేకుండా చేరతారో, ఎవరు ఎప్పుడు తప్పుకుంటారో, అంతే. ఏడోది ఇంకా మొండిది: ఒకే ఒక్క స్వరం, జి. నలుగురూ అదే స్వరం పట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు వస్తూ పోతూ ఉంటారు. విన్నవాళ్ళకి మాత్రం ఏదో కదులుతున్నట్టే ఉంటుంది, రంగు మారుతుంది, వెలుగు మారుతుంది. తంబురా ముందు కూర్చుని ఆ ఒక్క షడ్జంలో ఎన్ని విన్నామో గుర్తున్నవాళ్ళకి ఇందులో ఆశ్చర్యపడేది తక్కువ, ఆనందించేది ఎక్కువ.

హంగరీలో గ్యోర్గ్ లిగెటి కథలో రాజకీయం కూడా ఉంది. 1953లో తన పియానో ముక్కల్లోంచి ఆరు తీసి క్వింటెట్‌కి మార్చాడు, ‘ఆరు బాగటెల్స్’ (బుల్లి ముక్కలు) అంటారు. బుడాపెస్ట్‌లో 1956లో వాయించినప్పుడు ఐదే వాయించనిచ్చారు. ఆరోదాంట్లో పక్కపక్క స్వరాలు మరీ గీరుకుంటున్నాయి, అప్పటి సాంస్కృతిక పెద్దలకి అది ప్రమాదంగా తోచింది. రెండు నిమిషాలు కూడా లేని ముక్కకి ప్రభుత్వం భయపడటం! ఆరూ కలిపి వాయించింది 1969లో, స్వీడన్‌లో. అప్పటికే లిగెటి దేశం దాటి వచ్చేసి, స్టాక్‌హోమ్ ఫిల్హార్మోనిక్ క్వింటెట్ వాళ్ళ కోసం 1968లో ‘పది ముక్కలు’ రాశాడు. ఇందులో ఒకటి విడిచి ఒకటి ఒక్కొక్కరి కోసం రాసిన బుల్లి కన్సర్టోలు, రెండోది క్లారినెట్‌ది, నాలుగు ఫ్లూట్‌ది, ఆరు ఓబోది, ఎనిమిది హార్న్‌ది, పది బసూన్‌ది. నీల్సన్ తీర్చలేకపోయిన బాకీ ఇంకొకడు చిల్లర నాణేలతో తీర్చినట్టుంది.

ఊపిరినే కొలతగా పెట్టుకున్నవాడు జర్మన్ కంపోజర్ స్టాక్‌హౌసెన్. 1955, 56ల్లో ఐదు ఊదే వాద్యాలకి రాసిన ‘త్సైట్‌మాసె’లో కొన్ని చోట్ల వేగానికి అంకెలుండవు. వీలైనంత వేగంగా అని ఉంటుంది, లేదంటే ఒక్క ఊపిరిలో పట్టేంత నెమ్మదిగా అని. అంటే ఆ సాయంత్రం వాయించే మనిషి ఛాతీ ఎంతుంటే కాలం అంత. జలుబు చేసిన రోజు రచన చిన్నదవుతుంది. సరదాకి అన్నా, తర్వాతి కంపోజర్లు చాలామంది పట్టుకున్న ఆలోచన ఇదే: ఊపిరి ఒక అడ్డంకి కాదు, అదే వస్తువు. గాలి ఒట్టిగా ఊదే శబ్దం, వాద్యం మీది మీటలు టకటక కొట్టే చప్పుడు, ఒకే వాద్యంలోంచి ఒకేసారి రెండు మూడు స్వరాలు తీసే మల్టీఫోనిక్స్, ఇవన్నీ ఆ తర్వాత మామూలు సరుకైపోయాయి. మరీ మామూలైపోయాయి అనిపించే సందర్భాలూ ఉన్నాయి. చెప్పడానికి ఏమీ లేనప్పుడు మీటలు కొట్టించడం ఒక అలవాటుగా మారింది.

ఇక ఇప్పటి సంగతి. 1997లో వాలెరీ కోల్‌మన్ అనే ఫ్లూట్ వాద్యకారిణి న్యూయార్క్‌లో ఇమానీ విండ్స్ అనే క్వింటెట్ పెట్టింది. ఇమానీ అంటే స్వాహిలీలో నమ్మకం. ఐదుగురూ నల్లజాతి, లాటినో నేపథ్యాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఎదురైన ప్రశ్న పాతదే: ఏం వాయించాలి? రైఖా, నీల్సన్, బార్బర్, లిగెటి అయిపోయాక? పైగా అందులో తమ మనుషుల సంగీతం ఎక్కడ? జవాబుగా కోల్‌మన్ తనే రాయడం మొదలుపెట్టింది. ‘ఉమోజా’ మొదట స్త్రీల బృందగానం కోసం ఒక చిన్న పాట, తర్వాత దాన్నే క్వింటెట్‌కి మార్చింది. ఉమోజా అంటే ఐక్యత. ఒకరు పిలిస్తే మిగతావాళ్ళు పలికే పద్ధతి, చుట్టూ కూర్చుని డప్పులు వాయించే గుంపు లయ, ఒకసారి వింటే నోట్లో ఆడే బాణీ. మన పల్లెల్లో నాట్లేసేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునే పాట విన్నవాళ్ళకి ఈ తీరు కొత్త కాదు. చిన్న ముక్క, ఇవాళ అమెరికాలో కాలేజీ క్వింటెట్లు విరివిగా వాయిస్తాయి. 2019లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా దాని పెద్ద రూపం అడిగి రాయించుకుని వాయించింది. బతికున్న ఒక ఆఫ్రికన్ అమెరికన్ మహిళ రాసిన క్లాసికల్ రచన ఆ ఆర్కెస్ట్రా వాయించడం అదే మొదటిసారి. 1900లో పుట్టిన ఆర్కెస్ట్రా అది. అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మొదటిసారి అన్న మాట పొగడ్తలా వినిపించదు.

ఇమానీ విండ్స్‌లో హార్న్ వాయించిన జెఫ్ స్కాట్ కూడా కంపోజరే. ఆయన ‘ప్యాషన్ ఫర్ బాక్ అండ్ కోల్ట్రేన్’ రికార్డింగ్‌కి 2024లో గ్రామీ వచ్చింది. ఇంట్లో ఇద్దరు రాసేవాళ్ళున్నా వీళ్ళు బయటివాళ్ళని అడగడం మానలేదు, దానికోసమే విడిగా ఒక పథకం నడిపారు. ఎవరిని అడిగారో చూస్తే వీళ్ళ తెలివి అర్థమవుతుంది. క్వింటెట్లు రాసే అలవాటున్నవాళ్ళనే కాదు, అలవాటు లేనివాళ్ళనీ అడిగారు. జాజ్ శాక్సోఫోన్ దిగ్గజం వేన్ షార్టర్ వీళ్ళకి 2006లో ‘టెర్రా ఇంకాగ్నిటా’ రాశాడు. జాజ్ పియానిస్టు జేసన్ మోరాన్ 2008లో ‘కేన్’ రాశాడు, లూసియానాలో బానిసత్వం నుంచి బయటపడి నిలబడ్డ తన వంశపు పూర్వీకురాలి కథ. తమిళ కుటుంబంలో పుట్టిన విజయ్ అయ్యర్ పియానోతో కలిపి ‘బ్రూయీస్’ రాశాడు. ఆ మాటకి ఫ్రెంచిలో శబ్దాలు అని అర్థం, డాక్టర్లకి మాత్రం స్టెతస్కోప్‌లో రక్తం సుడి తిరుగుతున్నట్టు వినబడే చప్పుడు. బయటినుంచి వచ్చినవాళ్ళకి క్వింటెట్ ఎలా రాయాలన్న సంప్రదాయం అడ్డు రాదు, అందుకని కొత్తగా రాస్తారు. వాయించడానికి పనికిరానివి కూడా రాస్తారనుకోండి, కానీ పక్కనే ఐదుగురు అనుభవజ్ఞులు ఉంటారు కదా, ఇక్కడ ఊపిరి చాలదు బాబూ అని చెప్పడానికి.

ఇమానీ విండ్స్ కోసం రాసినవాళ్ళలో తెలుగు శ్రోత చెవికి బాగా దగ్గరగా వచ్చేది రీనా ఎస్మాయిల్. భారత మూలాలున్న అమెరికన్ కంపోజర్, పాశ్చాత్య పద్ధతీ హిందుస్తానీ పద్ధతీ రెండూ చదువుకుంది. వీళ్ళ కోసం 2017లో ‘ద లైట్ ఈజ్ ది సేమ్’ రాసింది. దీపాలు వేరైనా వెలుగు ఒకటేనన్న సూఫీ భావం దాని పేరులోనే ఉంది. అందులో వాడినవి రెండు హిందుస్తానీ రాగాలు, వాచస్పతి, యమన్. ఇక్కడ కాసేపు ఆగాలి. వాచస్పతి కర్ణాటక సంగీతంలో 64వ మేళకర్త, యమన్ స్వరాలు మన 65వ మేళకర్త మేచకల్యాణివి. ఆ 64కీ 65కీ తేడా ఒకే ఒక్క స్వరం. రిషభం, గాంధారం, ప్రతిమధ్యమం, ధైవతం అన్నీ ఒకటే, ఒక్క నిషాదం మాత్రం వాచస్పతిలో కైశికి, కల్యాణిలో కాకలి. కల్యాణి గురించి మనకి కొత్తగా చెప్పక్కర్లేదు, కచేరీలోనూ సినిమాలోనూ విని విని ఉన్నాం. ఆ నిషాదం ఒక్కటి అర మెట్టు కిందికి దిగితే మొహం ఎలా మారిపోతుందో కూడా మన చెవికి తెలుసు. దీపాలు రెండు, వెలుగు ఒకటి అని చెప్పడానికి ఒక్క స్వరం తేడా ఉన్న రెండు రాగాల్ని ఎంచుకోవడం చాలా పొందికైన ఎంపిక, అది రాగం తెలిసినవాళ్ళకి తప్ప తట్టదు.

అయితే చిక్కు రాగంలో కాదు, గమకంలో. నాదస్వరంలో రంధ్రాల మీద వేళ్ళే నేరుగా ఉంటాయి, వేలు కొద్దిగా జార్చి, ఊపిరి ఒత్తిడి కొద్దిగా మార్చి ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి పాకవచ్చు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా వాయిద్యం విన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. నాదస్వరమూ ఓబో లాగే జంట రీడ్ వాద్యమే, కానీ ఓబో నిండా లోహపు మీటలు, మీట నొక్కితే మూత పడుతుంది, తీస్తే లేస్తుంది, మధ్యలో జారడానికి చోటు తక్కువ. హార్న్‌కి మూడు నాలుగు వాల్వులు. వీటికి గమకం రాయాలంటే ఒక స్వరాన్ని ఇద్దరు ముగ్గురికి పంచడం ఒక దారి: ఒకరు నిలబెట్టి పట్టుకుంటే ఇంకొకరు దాన్ని ఒరుసుకుంటూ పక్కకి వెళ్తారు, విన్నప్పుడు జారినట్టుంటుంది. లేదంటే క్లారినెట్‌నీ ఫ్లూట్‌నీ నమ్ముకోవాలి, అవి కొంచెం జారగలవు. ఏం చేసినా ఎవరి గొంతులోనైనా వినే కల్యాణి అవదు. అవ్వాలని పట్టుబడితే రచన నకలుగా మిగిలిపోతుంది. రాగాన్ని పాశ్చాత్య వాద్యాలకి ఎక్కించే ప్రయత్నాలు చాలా వాటిలో ఇక్కడే దెబ్బ తగులుతుంది.

ఇదంతా ఐదుగురి పాత కూటమి పరిధిలో. కొందరు కూటమినే మార్చేశారు. 1985లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన కాలెఫాక్స్ బృందం ఫ్లూట్‌నీ హార్న్‌నీ తీసేసి, శాక్సోఫోన్, బాస్ క్లారినెట్ పెట్టుకుంది. ఓబో, క్లారినెట్, బసూన్ ఉండనే ఉన్నాయి. ఐదింటికీ రీడ్ ఉంటుంది కాబట్టి దీన్ని రీడ్ క్వింటెట్ అంటారు. గొంతులు బాగా కలుస్తాయి, కింది స్థాయికి బలం వస్తుంది. పోగొట్టుకున్నది కూడా ఉంది, ఫ్లూట్ తెచ్చే ఆ పల్చటి గాలి ఉండదు. కానీ అసలు సాహసం అది కాదు. వీళ్ళు మొదలుపెట్టిన రోజున ఆ ఐదు వాద్యాలకి రాసిన సంగీతమే లేదు. వాద్యకారులే పాత రచనల్ని తమకి తగ్గట్టు మార్చుకున్నారు, తర్వాత కంపోజర్లని అడిగారు. 2009లో మిషిగన్ యూనివర్సిటీలో చదువుకుంటున్న ఐదుగురు అదే నమూనాలో అక్రోపొలిస్ రీడ్ క్వింటెట్ పెట్టారు. వాళ్ళతో కలిసి పనిచేసిన పాస్కల్ లె బఫ్ రాసిన ‘స్ట్రాండ్స్’కి 2025లో వాద్య రచన విభాగంలో గ్రామీ వచ్చింది. 1985కి ముందు లేని జానర్ అది.

డబ్బు గురించి కూడా మాట్లాడకపోతే కథ సగమే. పేరున్న కంపోజర్‌ని ఒక క్వింటెట్ రాయమని అడిగితే ఆయన అడిగే మొత్తం ఏ చిన్న బృందమూ ఒంటరిగా భరించలేదు. అందుకని అమెరికాలో ఇప్పుడు చాలా చోట్ల పది, ఇరవై బృందాలు చీటీ కట్టినట్టు తలా ఇంత వేసుకుంటాయి, రచన వచ్చాక ఎవరి ఊళ్ళో వాళ్ళు తొలి కచేరీ అని చెప్పుకుంటారు. నవ్వొచ్చినా ఇందులో పెద్ద లాభం ఉంది. మామూలుగా కొత్త రచనకి తొలి కచేరీ దొరకడం కష్టం కాదు, రెండో కచేరీ దొరకడం కష్టం. చీటీ పద్ధతిలో రెండో కచేరీ, పదో కచేరీ ముందే ఖాయం. ఎన్నోసార్లు వాయిస్తే తప్పులు తెలుస్తాయి, కంపోజర్ సరిచేస్తాడు, విన్న విద్యార్థులు స్కోర్ కొంటారు. స్కోర్ కూడా ఇప్పుడు చాలామంది ప్రచురణకర్త కోసం ఎదురుచూడకుండా సొంత సైట్లో పీడీఎఫ్‌గా అమ్మేస్తున్నారు.

దీని చెడు కూడా ఉంది. పదిమంది డబ్బు పెట్టినప్పుడు పదిమందికీ నచ్చేది రాయాలన్న ఒత్తిడి వస్తుంది. కాలేజీ పిల్లలు వాయించగలిగేంత కష్టం, శ్రోతలు తల ఊపేంత లయ, ఎనిమిది నిమిషాలు మించని పొడవు. ఈ కొలతలకి కుట్టిన రచనలు కొన్ని వింటుంటే ఒకదానికొకటి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. లిగెటి ఆరో ముక్కని ప్రభుత్వం ఆపింది. ఇవాళ అలాంటి ముక్కని ఎవరూ ఆపరు, అసలు అడగరు.

ఎక్కడి నుంచి వినాలి అంటే, కాలక్రమం పట్టించుకోకుండా ముందు కోల్‌మన్ ఉమోజా వినొచ్చు, కొద్ది నిమిషాల పనే. ఆ తర్వాత లిగెటి బాగటెల్స్, అందులో మూడోదాంట్లో బాణీ నెమ్మదిగా సాగుతుంటే కింద గడియారంలా తిరిగే ఏడు స్వరాల చుట్టు మీద చెవి పెట్టాలి. ఎస్మాయిల్ రచన వినేటప్పుడు నిషాదం ఎప్పుడు కైశికి నుంచి కాకలికి మారుతోందో పట్టుకోవడం ఒక ఆట. నీల్సన్‌కి అరగంట తీరిక ఉన్న సాయంత్రం కావాలి. షేన్‌బర్గ్‌ని చివరికి ఉంచుకోవడం మేలు, అది కూడా వీడియోలో చూడాలి, హార్న్ వాయించే మనిషి మొహం మీద కన్నేసి.